బుడగలక్క అతికించిన మాట

పొద్దున షెడ్డులో అడుగుపెట్టిన దగ్గర్నుంచి సాయంత్రం ఇంటిదారి పట్టేదాకా ఆవిడ చేతిలో నీళ్ళసీసా ఉంటుంది. మీట నొక్కితే తుంపర చిమ్మే రకం. ట్రైలర్ల ఒళ్ళు కడగడానికి బకెట్లకి బకెట్లు మోస్తుంది. వాటి మీద అతికించే స్టిక్కరు అక్షరాల పైకాగితం నానడానికి సీసాలకి సీసాలు చిమ్ముతుంది. మోచేతుల దాకా తడి, వేసుకున్న బట్టలంతా తడి. అంత నీళ్ళలో మసిలే మనిషి గుక్కెడు నీళ్ళు గొంతులో పోసుకోగా మాత్రం ఎవరూ చూసిన పాపాన పోలేదు.

"ఎండ మాడ్చేస్తోంది, కాసిని నీళ్ళు తాగవే" అనేవాడు పక్క గదిలో వెల్డింగు చేసే పెద్దాయన.

"దాహం వెయ్యట్లేదు మావయ్యా" అనేది.

పచ్చి అబద్ధం. నాలుక అంగిటికి అతుక్కుపోయి ఉండేది. అతికించడంలో ఆవిడ నాలుక కూడా ఆవిడంత పనిమంతురాలే మరి!

సంగతేమిటంటే, ఆ షెడ్డులో ఆడమనిషి వెళ్ళడానికి చోటు లేదు. వెనకాల వెల్డింగు గది గోడని ఆనుకుని ఒకటుంది, మగాళ్ళది. తలుపుందంటే ఉంది. గడియ లేదు. కింది సగం తుప్పు తినేసింది. లోపలికి వెళ్ళినవాడు బయటికొచ్చేదాకా దగ్గుతూనే ఉండాలి, ఇంకొకడు తోసుకుని రాకుండా. ఆ షెడ్డుకి కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడ అందరికీ క్షయ ఉందేమోనని హడలిపోయేవారు.

ఆఫీసు గదిని ఆనుకుని ఇంకోటుంది. తెల్లటి పలకలు, కుళాయి, అద్దం, అన్నీ ఉన్నాయి. దానికి ముడతల రేకు తలుపు, తలుపుకి బయట ఇంత లావు తాళం. తాళంచెవి యజమాని నడుముకి వేలాడే గుత్తిలో ఉంటుంది. అది కస్టమర్ల కోసమట. కస్టమర్లు ఎవరు? ట్రైలర్ల యజమానులు. వాళ్ళలో ఆడవాళ్ళెందరు? ఆవిడకి తెలిసి ఒక్కరూ లేరు.

ఆ యజమాని పరాయివాడేం కాదు. స్వయానా ఆవిడ ఆడపడుచు మొగుడు. ఈవిడ "అన్నయ్యగారూ" అంటుంది, ఆయన "చెల్లెమ్మా" అంటాడు. ఎప్పుడైనా వదిన షెడ్డుకి వస్తే ఆ తాళంచెవి ఎవరూ అడక్కుండానే గుత్తిలోంచి ఊడి బయటికొచ్చేది. వదిన లోపలికి వెళ్ళి, మొహం కడుక్కుని, అద్దంలో చూసుకుని, హాయిగా వచ్చేది. "ఏమే, నల్లబడ్డావు, ఒంట్లో బాగాలేదా?" అని పరామర్శ కూడా చేసేది. నువ్వూ వెళ్ళొస్తావా అని మాత్రం అనేది కాదు. ఈలోగా తాళం మళ్ళీ పడిపోయేది.

మరి ఈవిడ నోరు విప్పి అడగొచ్చు కదా? అడగొచ్చు. అన్నయ్యగారి ఎదుట నిలబడి ఆ మాట ఎలా ఎత్తాలో మీరు చెప్పండి! ఆయన ఎదుట గట్టిగా నవ్వనైనా నవ్వని మనిషి. జలుబు చేసిందని చెప్పగలదు, తలనొప్పని చెప్పగలదు, వేలు కోసుకుపోతే చూపించగలదు. ఈ ఒక్క అవసరానికి మాత్రం మన ఇళ్ళల్లో ఆడపిల్లకి ఎవరూ మాట నేర్పలేదు. అదుముకోవడం నేర్పారు. ఆవిడ ఆ విద్యలో ఆరితేరింది. మధ్యాహ్నం భోజనం వేళకి చెప్పులు టపటపలాడించుకుంటూ ఇంటికి పరుగెత్తేది. మొగుడి మీద ప్రేమ కారిపోతోందని షెడ్డులో వాళ్ళు ఆటపట్టించేవారు. ఆ మొగుడు ఆ వేళకి బస్సు నడుపుతూ ఊరికి ఆ కొసన ఉంటాడు!

*

షెడ్డులో ఆవిణ్ణి బుడగలక్క అంటారు. అన్నయ్యగారు తప్ప చిన్నా పెద్దా అందరికీ ఆవిడ బుడగలక్కే. స్టిక్కరు అక్షరం కింద ఇరుక్కున్న గాలిబుడగ ఆవిడ కంటపడితే దానికి నూకలు చెల్లినట్టే. జడలో ఎప్పుడూ ఒక సూది గుచ్చుకుని ఉంటుంది. ఆ సూదితో బుడగ పక్కన చిన్నగా పొడిచి, బొటనవేలితో అదిమి, గాలిని బయటికి సాగనంపుతుంది. "పోవమ్మా పో, నీకిక్కడ అద్దెకివ్వలేదు" అంటుంది దానితో.

అద్దాల మీద, నున్నటి తలుపుల మీద అక్షరాలు అతికించేవాళ్ళు ఏ బజారులోనైనా దొరుకుతారు. ట్రైలరు అలా కాదు. దాని ఒంటినిండా గట్లూ పల్లాలే. రేకు ముడతలు, వాటి మీద వరసగా రివెట్ల తలకాయలు, ఎక్కడో గోడకి రాసుకున్న సొట్ట, సొట్ట మీద మళ్ళీ వేసిన రంగు. అటువంటి ఒంటి మీద మనిషంత అక్షరం నిలబెట్టాలి. వానకి నానకూడదు, ఎండకి లేవకూడదు, ఎదురుగాలికి ఊడకూడదు.

తెలియనివాళ్ళు ఏం చేస్తారంటే, అక్షరాన్ని ముందు గట్ల మీద పరిచేస్తారు. చూడ్డానికి దుప్పటి పరిచినంత బాగుంటుంది. తరవాత పల్లాల్లోకి నొక్కుతారు. అది సాగుతుంది, కూర్చుంటుంది, వీళ్ళు చేతులు దులుపుకుని వెళ్ళిపోతారు. స్టిక్కరుకి మహా మొండితనం. దాన్ని బలవంతంగా సాగదీస్తే ఆ పగ మనసులో పెట్టుకుంటుంది. నాలుగు ఎండలు తగలగానే మళ్ళీ తన మొదటి పొడుగుకి ముడుచుకుపోతుంది. పల్లంలోంచి పైకి లేచి గుడారంలా నిలబడుతుంది. దాని కిందికి గాలి, గాలి వెంట దుమ్ము, దుమ్ము వెంట నీళ్ళు.

బుడగలక్క పద్ధతి వేరు. పల్లం ముందు, గట్టు తరవాత. పల్లంలోకి స్టిక్కరుని కొంచెం కొంచెంగా వదులుతూ, ప్లాస్టిక్ బద్దతో బుజ్జగిస్తూ, అన్నం తిననని మారాం చేసే పిల్లకి ముద్దలు పెట్టినట్టు పెడుతుంది. అక్కడ అది కడుపునిండా కూర్చున్నాకే గట్టెక్కిస్తుంది. రివెట్టు వచ్చిన చోట వేడిగాలి గన్ను పట్టి మెత్తబరిచి, గుండ్రటి కుచ్చు బ్రష్షుతో చుట్టూ రుద్దుతుంది. చివర్న మళ్ళీ ఒకసారి అంతటా వేడి చూపిస్తుంది. అప్పుడిక స్టిక్కరు తన మొండితనం మర్చిపోతుంది. రేకు ఎలా ఉంటే అలా ఉంటుంది.

ఇంకో అలవాటు కూడా ఉంది ఆవిడకి. ఎత్తుపల్లాల పని అయితే ప్రతి మాటనీ ఒకటి అదనంగా కోయిస్తుంది. గాలి వీచి ఏ అక్షరమైనా ముడుచుకుని తనకి తానే అతుక్కుపోతే మళ్ళీ అక్షరాలు కోసే మిషను దగ్గరికి పరుగెత్తకుండా. పని సవ్యంగా ముగిస్తే ఆ అదనపు మాట చెత్తబుట్టలోకి పోతుంది.

అన్నయ్యగారికి ఆవిడ పని మీద ఎంత గురి అంటే, కొత్త కస్టమరు రాగానే షెడ్డులో ఉన్న ఏదో ఒక ట్రైలరు దగ్గరికి లాక్కెళ్ళేవాడు. "ఇదిగో, గోరు పెట్టి లాగండి. లాగండి సార్, మొహమాటపడకండి. వచ్చిందా? రాదు! మా చెల్లెమ్మ అతికించింది ఊడాలంటే రేకు ఊడాల్సిందే" అనేవాడు. ఆయన మనిషి మంచివాడే. తన షెడ్డులో తన చెల్లెమ్మ పొద్దస్తమానం ఎలా ఉంటోందన్నది మాత్రం ఆ మంచివాడి బుర్రకి ఎన్నడూ తట్టలేదు. తట్టాల్సిన అవసరం ఆయనకి రాలేదు. తాళంచెవి నడుముకే ఉందిగా!

ఈమధ్య ఆవిడకి కడుపులో నొప్పి, మంట. తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. డాక్టరమ్మ మాత్రలు రాసింది. "మాత్రలదేముంది, నీళ్ళు తాగమ్మా. ఇలాగే ఉంటే కిడ్నీల దాకా పోతుంది, తరవాత నన్ననుకుని లాభం లేదు" అంది.

"తాగుతానండీ" అని బుద్ధిగా తలూపి వచ్చింది.

ఇంట్లో కూతురు ఊరుకుంటుందా? "నీళ్ళు తాగమంటే విషం తాగమన్నట్టు చూస్తావేంటమ్మా! నీ బాటిల్ పొద్దున నింపి పంపిస్తే సాయంత్రం అంతే నిండుగా ఇంటికొస్తుంది. దాన్ని షికారుకి తీసుకెళ్తున్నావా?"

"పనిలో గుర్తుండదే."

"గుర్తుండదా? రివెట్లు ఎక్కడెక్కడున్నాయో కళ్ళు మూసుకుని చెప్తావుగా!"

ఆవిడ మాట మార్చేసింది. కూతురు మాత్రం తల్లిని చూసి చూసి, తెలిసీ తెలియనట్టు ఊరుకుంది. ఎందుకంటే ఆ పిల్ల కూడా కాలేజీకి వెళ్ళేటప్పుడు బాటిల్‌ని షికారుకే తీసుకెళ్తుంది.

*

అలాంటి రోజుల్లో ఆ తెల్ల ట్రైలరు వచ్చింది.

పెళ్ళిళ్ళకీ సభలకీ టెంట్లూ కుర్చీలూ అద్దెకిచ్చే ఆయన తెచ్చాడు. టెంట్లాయన అంటారు. కొత్త వ్యాపారం మొదలుపెట్టాడు. చక్రాల మీద మరుగుదొడ్లు! ముడతల రేకు ట్రైలరుకి ఒక పక్క మెట్లు, మెట్లెక్కితే వరసగా తలుపులు, లోపల కుళాయిలు, లైట్లు. సగం తలుపుల మీద 'స్త్రీలకు' అనీ, సగం తలుపుల మీద 'పురుషులకు' అనీ అతికించాలి. రెండు వైపులా పెద్దక్షరాలతో 'ఎక్కడైనా, ఎప్పుడైనా, ఎంతమందికైనా' అని ఉండాలి.

"మాట బాగుంది" అంది బుడగలక్క, ఆ మాటని చదువుతూ.

"నేనే రాశాను" అన్నాడు టెంట్లాయన, ఛాతీ పొంగించి.

మెట్లు సరిచెయ్యడం వెల్డరు పని. నీళ్ళు కారుతున్నాయో లేదో చూసుకోవాలి గనక ట్రైలరుని షెడ్డు కాలువకి గొట్టం వేసి కలిపారు, కుళాయి నుంచి నీళ్ళు ఎక్కించారు. ఇంకేం! షెడ్డు మధ్యలో ఒక దివ్యభవనం వెలిసింది.

మొదటిరోజు ఆవిడ దాని చుట్టూ కొలతలు తీసుకుంటూ తిరిగింది. తలుపు తీసింది, మూసింది. లోపల గడియ ఉంది. వేసి చూసింది, 'టక్' మంది. తీసింది. మళ్ళీ వేసింది. బయట వెల్డింగు చిటపటలు, ఎవరో తిట్టుకుంటున్న చప్పుడు, లారీ హారను. లోపల తనొక్కతే. ఇన్నేళ్ళలో ఆ షెడ్డులో ఆవిడ గడియ పెట్టుకుని ఒంటరిగా ఉండడం అదే మొదటిసారి. బయటికొచ్చి, తిన్నగా తన సంచీ దగ్గరికి పోయి, షికారుకొచ్చిన బాటిల్ తీసి, గటగటా తాగేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొలమారింది అంతే, ఇంకేం కాదు.

పక్క షెడ్డులో టార్పాలిన్లు కుట్టే ఆడవాళ్ళున్నారు. వాళ్ళలో పెద్దది, పిన్ని అంటారు, నోరు పెద్దది. వాళ్ళ షెడ్డుకైతే దగ్గుకునే గది కూడా లేదు. బుడగలక్క వెళ్ళి ఆమె చెవిలో ఏదో చెప్పింది. చెవిలో చెప్పినదాన్ని చెవిలో ఉంచుకునే రకమైతే కాదు కదా పిన్ని!

"ఏంటీ! నీళ్ళొస్తున్నాయా? గడియుందా? అమ్మాయిలూ, మిషన్లు ఆపండే!"

వచ్చారు. ఒకరి తరవాత ఒకరు, మొదట సిగ్గుపడుతూ, తరవాత కబుర్లాడుకుంటూ. మెట్ల దగ్గర చిన్న వరస కట్టారు. పిన్ని లోపల అద్దంలో తనని తాను చూసుకుని, "ఇదేంటే, నేనింత బాగుంటానా?" అంది. పని చేసుకుంటున్న వెల్డరు ముసుగు ఎత్తి ఒకసారి చూసి, మళ్ళీ దించేసుకున్నాడు.

"ఏంటి మావయ్యా, అలా చూస్తావు? లోపల లీకవుతోందేమో పరీక్ష చేస్తున్నాం" అంది పిన్ని.

"చెయ్యండి, చెయ్యండి. బాగా చెయ్యండి" అన్నాడాయన.

ఆ కొద్దిరోజులూ పక్కపక్క షెడ్లలో ఆడవాళ్ళ మొహాలు వేరేగా ఉన్నాయి. టీలు రెండోసారి తాగేవారు. మధ్యాహ్నం బుడగలక్క ఇంటికి పరుగెత్తడం మానేసింది. "ఏంటక్కా, మొగుడి మీద ప్రేమ తగ్గిపోయిందే?" అంటే నవ్వింది, గట్టిగానే నవ్వింది. ఇంట్లో కూతురు ఖాళీ బాటిల్ని తలకిందులుగా పట్టుకుని, "ఇది మన బాటిలేనా?" అని అడిగింది.

పనైపోతే ట్రైలరు వెళ్ళిపోతుంది. ఒక వైపు అక్షరాలన్నీ కూర్చున్నాయి. తలుపులన్నీ అయిపోయాయి. రెండో వైపు 'ఎంతమందికైనా' మాత్రం మిగిలింది. ఆ మాట దగ్గర బుడగలక్క చెయ్యి నెమ్మదించింది.

పిన్ని మెట్ల మీద కూర్చుని సలహా చెప్పింది. "పిచ్చిదానా, ఎందుకంత బాగా అతికిస్తావు? ఒక అక్షరం లేచిపోయేలా పెట్టు. మళ్ళీ తేవాల్సి వస్తుంది. మళ్ళీ అతికించు, మళ్ళీ లేపు. మన ఆయుష్షు ఉన్నన్నాళ్ళూ ఇక్కడే పడుంటుంది."

"ఛీ, అదేం మాట పిన్నీ!"

"ఏం, ఒక్క అక్షరం! దాని అక్షరం పోతే మన పరువు దక్కుతుంది."

బుడగలక్క బద్ద తీసుకుని పనిలో పడింది. కానీ ఆ సాయంత్రం ఆఖరి 'నా' దగ్గరికి వచ్చాక, జీవితంలో మొదటిసారి, తెలియనివాళ్ళు అతికించినట్టు అతికించింది. గట్ల మీద దుప్పటిలా పరిచేసి, పల్లాల్లోకి నొక్కేసి, వేడి చూపించకుండా వదిలేసింది. చేతులు దులుపుకుంది. ఇంటికెళ్ళి అన్నంలో చెయ్యి కడిగేసింది.

మర్నాడు ఎండ ముదిరేసరికి ఆ అక్షరం ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బింది. ప్రతి పల్లం దగ్గరా చిన్న గుడారం. సరిగ్గా అప్పుడే టెంట్లాయన బండి తీసుకెళ్ళడానికి వచ్చాడు. వచ్చీరాగానే చూశాడు.

"ఏంటండీ ఇది? రేపు సభ ఉంది నాకు. ఊడదు ఊడదు అని ఊదరగొట్టారు!"

బుడగలక్క తలొంచుకుంది. తిడతారనుకుంది. తిడితే బాగుండును కూడా అనుకుంది. అన్నయ్యగారు మాత్రం ఆ అక్షరాన్ని తడిమి చూసి, టెంట్లాయన మీదికే తిరిగాడు.

"మా చెల్లెమ్మ చేతిలో అక్షరం లేవడమా? జరగని పని. మీ రేకులోనే ఏదో ఉంది. చవక రంగేదో వేయించి ఉంటారు."

"నా రేకా! మిగతా అక్షరాలన్నీ నా రేకు మీదే కదా ఉన్నాయి!"

"ఆ ముక్కలో తేడా ఉండొచ్చు. రేకు సంగతి మాకు తెలీదా?"

ఆ వాదన వింటుంటే బుడగలక్కకి భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. తనని నమ్మి, తన కోసం ఆయన కస్టమరుతో పోట్లాడుతున్నాడు. ఇంత నమ్మినాయన దగ్గర తను దొంగపని చేసింది, ఎందుకు? నోరు తెరవలేక. అడగాల్సిన మాట అడగలేక, పాపం పుణ్యం తెలియని అక్షరం మీద కసి తీర్చుకుంది.

"రేకు మంచిదే అన్నయ్యగారూ" అంది. "నేనే సరిగ్గా పెట్టలేదు. ఇప్పుడే సరిచేస్తాను."

ఆవిడ ఆ 'నా'ని ఒలిచేసి, జిగురు తుడిచేసి, అదనంగా కోయించిన మాటలోంచి ఇంకో 'నా' తెచ్చింది. పల్లం ముందు, గట్టు తరవాత. ముద్ద ముద్దా పెట్టింది. రివెట్ల చుట్టూ కుచ్చు తిప్పింది. టెంట్లాయన వచ్చి గోరు పెట్టి లాగాడు. గోరు జారింది. ఆయన మొహంలోకి నవ్వొచ్చింది. అన్నయ్యగారూ ఆయనా కలిసి ట్రైలరుకి లారీ తగిలించి, బ్రేకులూ లైట్లూ చూడ్డానికని రోడ్డు మీదికి తీసుకెళ్ళారు.

షెడ్డు మధ్యలో తడి నేల మిగిలింది. గొట్టం పామల్లే పడి ఉంది. గేటు దగ్గర పిన్ని నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"పోయిందా మన మహలు? ఉన్నదాన్ని ఉంచుకోవడం చేతకాలేదు నీకు!"

బుడగలక్క బల్ల దగ్గరికి వెళ్ళింది. మిగిలిన కాగితాలు చుట్టి చెత్తబుట్టలో వెయ్యబోయింది. వాటిల్లో తలుపుల కోసం అదనంగా కోయించిన 'స్త్రీలకు' అలాగే ఉంది. నీలం రంగు, ముట్టుకోనిది. దాన్ని కాసేపు చేతిలో పట్టుకుని నిలబడింది. తలెత్తితే ఎదురుగా ఆఫీసు పక్క తలుపు. ముడతల రేకు. గట్లూ పల్లాలూ.

"పిన్నీ, కాస్త ఆ గుడ్డ అందుకో" అంది.

నోటికి రాని మాట చేతికి వచ్చేసింది. తలుపు కడిగింది, తుడిచింది, మధ్యగీత గీసింది. ఆ తలుపు మీద పెట్టినంత శ్రద్ధ ఆవిడ ఏ ట్రైలరు మీదా పెట్టి ఉండదు. ఒత్తుల మెలికలు, 'స్త్రీ' తల మీది గుడిదీర్ఘం, అన్నీ పల్లాల అడుక్కంటా దిగి కూర్చున్నాయి. వేడి ఒకసారి చూపించి, ఊరుకోకుండా ఇంకోసారి చూపించింది. సీసాతో నీళ్ళు చిమ్మి పైకాగితం లాగేసరికి ఆ మాట ఆ రేకుతో పాటే పుట్టినట్టుంది. బయట తాళం మాత్రం అలాగే వేలాడుతోంది.

పిన్ని గుసగుసగా "బాగుందే" అంది. అదే ఒక వింత.

*

అన్నయ్యగారు తిరిగొచ్చి చూశాడు. దగ్గరికి వెళ్ళి చూశాడు. గోరు పెట్టి లాగాడు. గోరు జారింది. ఇంకో మూల లాగాడు. ఉహుఁ.

"ఎవరు పెట్టారిది?"

"నేనే అన్నయ్యగారూ."

"తీసెయ్ చెల్లెమ్మా, బాగోదు."

"అది ఊడదండీ" అంది, నేల చూపులు చూస్తూ. "ఊడాలంటే రేకు ఊడాలి. మీరే అంటారుగా."

వెల్డరు ముసుగు దించుకునే ఉన్నాడు గానీ ఆ ముసుగు వెనకనుంచి ఏదో చప్పుడొచ్చింది. అన్నయ్యగారు అటు చూసి, ఇటు చూసి, గొంతు తగ్గించాడు.

"ఏదన్నా ఉంటే ఒక మాట అడగొచ్చుగా?"

"అడిగానుగా, ఇప్పుడు" అంది బుడగలక్క. చెయ్యి తలుపు వైపు చూపించింది.

"అదికాదు... ఇన్నాళ్ళూ మరి... ఏం చేసేదానివి?"

ఆవిడ తలెత్తింది. ఆయన కళ్ళల్లోకి చూసి మాట్లాడడం అలవాటు లేదు. చూసింది.

"నీళ్ళు తాగేదాన్ని కాదు."

వెల్డింగు మావయ్య ముసుగు తీసి పక్కన పెట్టాడు. దాహం వెయ్యట్లేదు మావయ్యా అన్న మాట ఆయన ఎన్ని ఎండాకాలాలు విన్నాడో! ఒకసారైనా అదేంటమ్మా అనలేదు. గడియలు చెయ్యడమే బతుకైనవాడు ఒక గడియ చేసి పెట్టలేదు.

అన్నయ్యగారు నడుము దగ్గర తడుముకున్నాడు. గుత్తిలోంచి తాళంచెవి ఊడదీసి ఆవిడ చేతికివ్వబోయాడు. "ఇది నీ దగ్గరే ఉంచుకో. కావలసినప్పుడు తీసుకో."

బుడగలక్క చెయ్యి చాపలేదు. "తాళం వద్దండీ. నేను రానిరోజు పక్క షెడ్డు వాళ్ళకెలాగ? తాళం తీసేయించండి. లోపల గడియ పెట్టించండి."

"పక్క షెడ్డువాళ్ళు కూడానా?"

"ఎంతమందికైనా" అంది పిన్ని గేటు దగ్గర్నుంచి. "మీ ట్రైలరు మీద మీరే రాయించారు కదండీ!"

"అది నా ట్రైలరు కాదు తల్లీ, టెంట్లాయనది! మరి నా కస్టమర్లొస్తే ఎక్కడికి పంపను?"

"వెనక్కి పంపండి. దగ్గడం నేర్పండి."

అప్పటికి అన్నయ్యగారి మూతి కూడా వంకర తిరిగింది, నవ్వు ఆపుకోలేక. అయినా ఊరికే ఒప్పుకున్నాడనుకోకండి. నీళ్ళ బిల్లన్నాడు, శుభ్రం ఎవరు చేస్తారన్నాడు, రేపు ఇంకొకరొస్తారన్నాడు. వంతులేసుకుని కడుగుతామని ఆడవాళ్ళన్నారు. మగాళ్ళది ఎవరు కడుగుతున్నారని బుడగలక్క అడిగింది. ఎవరూ కడగట్లేదని అందరికీ తెలుసు. వెల్డరు ఈ గోలేం పట్టించుకోకుండా ఒక ఇనుపముక్క ఏరుకుని గడియ చెయ్యడం మొదలుపెట్టాడు. అది అయ్యాక ఇంకో ముక్క తీశాడు.

"అదెందుకు మావయ్యా?"

"వెనకదానికి. ఈ వయసులో నేనింక దగ్గలేను."

ఆ తరవాత వదిన ఒకసారి వచ్చింది. తలుపు మీద మాట చదువుకుంది. తోసి చూస్తే లోపల గడియ వేసి ఉంది, ఎవరో ఉన్నారు. వదిన బయట నిలబడి ఎదురుచూసింది, అందరిలాగే, తన వంతు వచ్చేదాకా. బుడగలక్క ఆవిడకి తన బాటిల్ అందించింది. "నీళ్ళు తాగుతావా వదినా? ఎండన పడి వచ్చావు."

కడుపులో మంట తగ్గుముఖం పట్టింది. పూర్తిగా పోవడానికి టైం పడుతుందంది డాక్టరమ్మ. ఇన్నేళ్ళ దాహం కదా.

*

ఇక మీతో ఒక పని ఉంది.

రేపు మీరు ఏదో ఒక దుకాణానికో, షెడ్డుకో, ప్రెస్సుకో, మందుల షాపుకో వెళ్తారు. అక్కడ ఒక ఆడమనిషి పొద్దున్నుంచి నిలబడి పని చేస్తూ ఉంటుంది. ఆవిడ నీళ్ళ బాటిల్ కేసి ఒకసారి చూడండి. మధ్యాహ్నం దాటినా నిండుగా ఉంటే, ఆ యజమానిని అడగండి: ఇక్కడ పనిచేసే ఆడవాళ్ళకి బాత్రూము ఎక్కడుందండీ, గడియ లోపలుందా, తాళం బయటుందా? ఆవిడని అడగకండి, ఆవిడ దాహం వెయ్యట్లేదంటుంది. యజమానినే అడగండి. ఆయన నీళ్ళు నమిలితే మళ్ళీ వెళ్ళినప్పుడు మళ్ళీ అడగండి. పదిమంది కస్టమర్లు అడిగితే గడియ అదే వస్తుంది.

ఆ యజమాని మీరే అయితే ఈ పేజీ ఇక్కడ మూసేసి, లేవండి. మీ నడుముకున్న గుత్తిలో ఆ తాళంచెవి ఏదో మీకు తెలుసు.